ఇదివరకు విన్న జవాబు

అశ్విని కార్తె, రెండో రోజు

ఉదయం ఆరింటికి 37. మధ్యాహ్నం రెండింటికి 49. సాయంత్రం ఆరింటికి 44.

ఎండ లెక్క రాయడం నా పని. రోజుకు మూడుసార్లు స్తంభం దగ్గరికి పోయి అంకె చూసి ఈ రిజిస్టరులో ఎక్కించాలి. చివరి గడికి ‘విశేషాలు’ అని అచ్చు వేసి ఉంది. తొమ్మిదేళ్ళుగా అందులో ‘ఏమీ లేవు’ అని రాస్తూ వచ్చాను. రిజిస్టరు చూడడానికి వచ్చే ఉద్యోగి రావడం మానేసి నాలుగేళ్ళయింది. ఈ ఏడు ఆ గడిలో ఉన్నది రాద్దామనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం నా భార్య రావమ్మ పడిపోయింది. ఎండకు తలదాచుకునే గుంట వాకిట్లో గోనెలు తడుపుతూ పక్కకు ఒరిగింది. లోపలికి మోసుకొచ్చి తల మీద తడిగుడ్డ వేశాను. గంటకు కళ్ళు తెరిచి, “గోనెలు సగమే తడిపినా” అన్నది.

పోయిన ఏడు రోహిణిలో రెండుసార్లు ఇలాగే అయింది. వానలకు దారి తెరిచాక గని బండి వెంట వచ్చిన కాంపౌండరు నాడి చూసి, ఇంకో రోహిణికి ఈ ఒళ్ళు ఆగదని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నేను ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

కొండల్లో ఎండ తగలని గనికి పోవడం తప్ప దారి లేదు. రోహిణి రావడానికి ఇంకా నలభై రోజులుంది.

అశ్విని, నాలుగో రోజు

ఉదయం 37. మధ్యాహ్నం 49. సాయంత్రం 45.

మూతబడిన బడి బీరువాలో పుస్తకం దొరికింది. ఇంగ్లీషువాళ్ళు రోజూ వాడే నుడికారాలు, వాటికి తెలుగులో అర్థాలు. మొత్తం రెండు వందల పన్నెండు. చివరి పేజీలు చెదలు తినేశాయి.

ఈ ఇసుక దిన్నె మీద మిగిలిన ముప్పై నాలుగు మందిలో పదో తరగతి పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే. పిల్లలున్నవాళ్ళు మొదటి ఏడే గనికి పోయారు, వాళ్ళకు పరీక్ష లేకపోయింది. ఇప్పుడు ఉంది. కొండల్లోని పాత గనుల్లో తలుపులు, గాలి, నీళ్ళు అన్నిటినీ ఒక గొంతు నడుపుతుంది. అది మాట్లాడే ఇంగ్లీషు పుస్తకాల్లోది కాదు, ఎక్కడో చల్లటి దేశంలో ఇళ్ళల్లో మాట్లాడుకున్నది. ఆ మాట తెలియని మనిషిని లోపలికి రానివ్వరు.

పరీక్ష గది దిన్నె చివర ఉంది. ఒక్కొక్కరే పోవాలి. గొంతు పది నుడికారాలు అడుగుతుంది. ఆరింటికి అర్థం ఇంగ్లీషులో చెబితే పచ్చదీపం వెలిగి చీటీ వస్తుంది. లేకుంటే ఎర్రదీపం. మనిషికి మూడు అవకాశాలు. చీటీ ఉన్నవాళ్ళను గురువారం పొద్దున బండి వచ్చి తీసుకుపోతుంది. రోహిణికి దారి మూస్తారు, వానలు పడితే గాని తెరవరు. పోయిన ఏడు కార్తీకంలో తెరిచారు.

ఒక్కొక్క నుడికారానికి ఒక్కొక్క ఇంగ్లీషు వాక్యం రాస్తున్నాను. నాకు వచ్చినంతలో. ఇవాళ ముప్పై అయ్యాయి.

అశ్విని, ఏడో రోజు

మధ్యాహ్నం 50.

పొద్దున తొమ్మిదింటికల్లా అందరం గుంటలోకి దిగిపోతాం. నిలువు లోతు తవ్వి పైన తాటి దూలాలు, మన్ను, తడి గోనెలు కప్పిన గుంట అది. సాయంత్రం దాకా చీకట్లో ఊరికే పడుకునే బదులు పాఠం చెబుతానన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

“పీస్ ఆఫ్ కేక్” అన్నాను.

“ఇట్ మీన్స్ వెరీ ఈజీ వర్క్” అని ముప్పై గొంతులు అప్పజెప్పాయి.

“కేకంటే ఏందబ్బయ్యా?” అన్నది పోలమ్మత్త. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది.

“తియ్యటి రొట్టె అత్తా. పండగలప్పుడు కోసేవోళ్ళు.”

“రొట్టెముక్క తెచ్చుకునేదానికి ఈడ పానాలు పోతా ఉంటే, అది సులువంటారా? ఎవురో మారాజులు.”

అందరూ నవ్వారు. కాళ్ళు చల్లబడటం అనే మాట వచ్చినప్పుడు ఆమె మళ్ళీ అడ్డం వచ్చింది. “కాళ్ళు చల్లబడినాక ఇంకేముంది, పాడె కట్టడమేగా.”

“కాదత్తా. పనికి దిగబోయే ముందర జంకు.”

“జంకితే ఒణుకుతాయి గానీ చల్లబడతాయా?”

వలలు బాగుచేసే మాలకొండయ్య విసుక్కున్నాడు. “అర్థాలెందుకత్తా నీకు! రాయుడన్న చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పు. ఎక్కాలు అర్థమయ్యే నేర్చినామా?”

అతను అన్నది సబబుగానే తోచింది. నేను చదువుకున్నదీ అట్లాగే. పంతులు ఒకసారి చెబితే మేం పదిసార్లు అనేవాళ్ళం.

రావమ్మ అందరితో కలిసి కూర్చోలేదు. గుంట మెట్ల దగ్గర గోనెల మీద నీళ్ళు చిలకరిస్తూ వింటోంది. ‘బ్రేక్ ది ఐస్’ అన్నప్పుడు తలెత్తి, “అదా? నాకు తెలుసు” అన్నది. పెళ్ళికి ముందు ఆమె రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసింది. మాలో ఐసు ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

“పొద్దున్నే పోయేసరికి పెట్టెలో ఐసు దిమ్మలాగా గడ్డకట్టుకోని ఉంటాది. ఎవురూ చెయ్యి పెట్టరు. ఒకళ్ళు దైర్నం చేసి గుద్దితే పగులుతాది. ఆనక అందరూ వచ్చి చేతులు పెడతారు, మాటలు చెప్పుకుంటారు. అదేగా?”

“అదే. కానీ అదంతా వద్దు. వాక్యం చెప్పు” అన్నాను.

ఆమె గోనె తడుపుకుంటూ కూర్చుంది.

అశ్విని, పదో రోజు

మధ్యాహ్నం 50.

నూట నలభై వాక్యాలు పూర్తయ్యాయి. గొంతులన్నీ ఒక్కటిగా కలుస్తున్నాయి. నేను సగం అంటే వాళ్ళు మిగతా సగం అందుకుంటున్నారు.

రావమ్మ రెండు రోజుల నుంచి గంజి తప్ప తాగడం లేదు.

అశ్విని, పన్నెండో రోజు. గురువారం

ఉదయం 38. మధ్యాహ్నం చూడలేదు.

నిన్న ఆరుగురు పరీక్షకు పోయారు. ఆరుగురికీ పచ్చదీపం. మాలకొండయ్యకు పదికి తొమ్మిది. ఇవాళ పొద్దున బండి ఎక్కారు. ఎక్కేముందు వరుసగా వచ్చి నాకు దండం పెట్టారు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతులు వెనక్కు పెట్టుకున్నాను.

మాలకొండయ్య బండి మెట్టు మీద నిలబడి, “అన్నా, వచ్చే వారం వదినను పంపు. ఆమె ఒళ్ళు బాగలేదు. నువ్వూ పో” అన్నాడు.

“ముందు మీరంతా కానీండి.”

“ఇది పెళ్ళి పంక్తి కాదన్నా.”

“వడ్డించేవాళ్ళు ముందు కూర్చుంటే చూసేదానికి బాగుంటాదా?” అన్నాను.

మా వైపు అంతే. ఏ పనిలోనైనా వడ్డన చేసేవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు చివర తింటారు. ఎంత ఆకలైనా ముందు ఆకు వేసుకోరు. ఇంటికొచ్చాక రావమ్మతో ఈ మాట చెప్పాను. “సర్లే” అన్నది.

భరణి కార్తె, నాలుగో రోజు

ఉదయం 39. మధ్యాహ్నం 51. సాయంత్రం 46.

ఉప్పు నీళ్ళను మంచినీళ్ళు చేసే అద్దాల్లో ఒకటి పగిలింది. గోనె పట్టాతో కప్పి మైనం పూశాను. నీళ్ళు మనిషికి రెండు చెంబులు తగ్గాయి.

పాఠం నాలుగు గంటలు నడిచింది. ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకుంటున్నారు.

భరణి, ఐదో రోజు. గురువారం

మధ్యాహ్నం 51.

ఈసారి పదకొండుమందికి చీటీలు వచ్చాయి. మొత్తం పదిహేడుమంది పోయారు. పదిహేడుమందిమి మిగిలాం. ఒక్కరికి కూడా ఎర్రదీపం రాలేదు.

బండి పోయాక గది ముందు చాలాసేపు నిలబడ్డాను. సంతోషంగా ఉంది. నా జన్మలో నేను చేసిన పని ఏదైనా ఇంత బాగా జరగడం నాకు గుర్తు లేదు. ఇది రాయకూడదేమో, కానీ నిజం.

భరణి, పన్నెండో రోజు. గురువారం

మధ్యాహ్నం 52.

బండి ఖాళీగా వచ్చి ఖాళీగా పోయింది.

నిన్న ఐదుగురు పరీక్షకు పోయారు. ఐదుగురికీ ఎర్రదీపం. పదికి సున్నా. నేర్పినవే అడిగిందట, నేర్పినట్టే చెప్పారట. చెప్పిన ప్రతిసారీ గొంతు ఒకే మాట అన్నదట. చివరివాళ్ళు లోపల ఉన్నప్పుడు గది రేకు గోడకు చెవి పెట్టి విన్నాను. ఈ జవాబు నేను ఇదివరకు విన్నాను, అంటోంది.

బండి నడిపే జిలానీ ఇవాళ కాగితం తెచ్చాడు. గని పెద్దల సంతకం ఉంది. మీ దిన్నె నుంచి వచ్చిన పదిహేడుమంది ఒకే మనిషిలాగా ఒకే వాక్యాలు చెప్పారు, ఇది అప్పజెప్పడం, అర్థం కావడం కాదు, ఇకమీదట ఒకసారి వచ్చిన జవాబు రెండోసారి చెల్లదు అని రాశారు. పైకి పోయినవాళ్ళను వెనక్కి పంపడం లేదు. అంతవరకు నయం.

“అన్నా, వాళ్ళకు పదిహేడు మంది కాదు, నువ్వొక్కడివే పదిహేడుసార్లు వచ్చినట్టు లెక్క” అన్నాడు జిలానీ.

“బడిలో అట్టాగే నేర్పుతారు కదయ్యా.”

“మన బళ్ళో నేర్పుతారన్నా. అది మన బళ్ళో చదవలేదు గదా.”

రావమ్మ పక్కనే ఉండి విన్నది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను.

కృత్తిక కార్తె, రెండో రోజు

ఉదయం 40. మధ్యాహ్నం 52. సాయంత్రం 48.

మళ్ళీ వాక్యాలు రాస్తున్నాను. మనిషికొక తీరుగా రాయాలి. ‘చాలా సులువైన పని’ అన్నదాన్ని ‘కష్టం లేని పని’ అనీ, ‘ఎవరైనా చేయగల పని’ అనీ తిప్పాను. నాలుగో మనిషికి వచ్చేసరికి మాటలు అయిపోయాయి. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంత అనేది ఇవాళ తెలిసింది. అంతా కలిపి ఒక బిందెడు కూడా లేదు, అందులో చాలాభాగం ఇప్పటికే పదిహేడుమంది నోట పైకి పోయింది.

కృత్తిక, నాలుగో రోజు

మధ్యాహ్నం 53.

కొత్త వాక్యాలతో నలుగురు పోయారు. మొదట పోయిన ఇద్దరికి ఆరేసి వచ్చాయి. తర్వాతి ఇద్దరికి ఎర్రదీపం.

పోలమ్మత్తకు అది రెండో ఎర్రదీపం. బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. “పిల్లి సంచీలోంచి బయటికొచ్చె అన్నాది. మంచిదేలే, పాపం దానికి గాలాడకుండా ఉండింటాది అన్నా. తెలుగులోనే అన్నాలే” అంది. గుట్టు బయటపడటం అని దాని అర్థం. తర్వాత తనలో తను నవ్వుకుంది.

సాయంత్రం రావమ్మను పరీక్షకు తీసుకుపోయాను. ఇంక వడ్డన లేదు, పంక్తి లేదు. ఆమె కోసం ఆరు రాత్రులు దాచి ఉంచిన వాక్యాలు పదిహేను ఉన్నాయి. అవి వల్లె వేయించాను. ఆమె సగం సగమే పట్టుకుంది. గొంతు అడిగినవాటిలో మూడే ఆ పదిహేనులోవి. ఎర్రదీపం.

కృత్తిక, ఆరో రోజు

మధ్యాహ్నం 53.

రావమ్మకు రెండో ఎర్రదీపం. నాకు మొదటిది.

నేను లోపల కూర్చుని నోరు తెరిచినప్పుడల్లా ముందే ఎవరో ఒకరు చెప్పి పోయిన మాట వస్తోంది. ఒక వాక్యం మాలకొండయ్యది. ఒకటి మొదటి వారం పోయిన ముసలాయనది. అన్నీ నేను నేర్పినవే. ఈ జవాబు నేను ఇదివరకు విన్నాను అని గొంతు మర్యాదగానే చెబుతుంది. వాళ్ళకు చెప్పింది నేనేనని దానికి తెలియదు.

కృత్తిక, ఎనిమిదో రోజు

తెల్లవారేసరికి ఒకరు లేవలేదు. పాత పడవల పాక దగ్గర ఒంటరిగా ఉండే నారాయుడు. ఎనిమిదింటిలోపల ఇసుకలో పూడ్చి వచ్చాం. ఆ తర్వాత బయట ఉండటం కుదరదు.

అతనికి ఇంకా రెండు అవకాశాలు మిగిలి ఉన్నాయి.

మధ్యాహ్నం 54.

కృత్తిక, పదో రోజు

ఉదయం 41. మధ్యాహ్నం 54. సాయంత్రం 49.

రేపు ఒక్క రోజే ఉంది. ఎల్లుండి గురువారం బండే చివరిది.

రావమ్మను కూర్చోబెట్టి మళ్ళీ వాక్యం చెప్పబోయాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళలో అట్లా ఎప్పుడూ చేయలేదు.

“వొద్దయ్యా. నువ్వు చెప్పేకొద్దీ నాకున్నది కూడా పోతాంది.”

“నీకేం ఇంగ్లీషుందని?”

“రొయ్యల కాడ సూపర్వైజరు అరిచేది గుర్తుంది. నైఫు, బాక్సు, లేటు, గుడ్డు, నో గుడ్డు. ఐదో తరగతి దాకా చదివింది కొంచెముంది. అదే చెప్తా.”

“అవి వాక్యాలు కావు.”

“నీ వాక్యాలతోనేగా రెండుసార్లు ఎర్రదీపం వచ్చింది.”

రాసిన కాగితాలు మడిచి పక్కన పెట్టాను.

కృత్తిక, పదకొండో రోజు

ఉదయం 41. మిగతా రెండుసార్లు చూడలేదు.

సూర్యుడు రాకముందే రావమ్మను గదికి నడిపించుకుపోయాను. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. తలుపు మూసుకున్నాక నేను రేకుకు చెవి పెట్టాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మొదట ‘అండర్ ద వెదర్’ అడిగింది, ఒంట్లో నలతగా ఉండటం. రావమ్మ, “దిస్ మీ. ఎస్టర్డే ఫాల్. నో ఈట్” అన్నది.

నేను కళ్ళు మూసుకున్నాను. గొంతు ‘థాంక్యూ’ అన్నది. ఇదివరకు విన్నానని అనలేదు.

తర్వాత ‘పీస్ ఆఫ్ కేక్’. “నో” అన్నది. ఆ తర్వాత దానికీ, ఇంకోదానికీ కూడా “నో”.

‘కట్ కార్నర్స్’ అడిగింది. పని అడ్డదిడ్డంగా తేల్చేయడం అని పుస్తకంలో ఉంది. రావమ్మ, “ప్రాన్ నో వాష్. పుట్ బాక్స్. సూపర్వైజర్ నో సీ. బ్యాడ్ వర్క్” అన్నది. థాంక్యూ.

‘కాల్ ఇట్ ఎ డే’, ఇవాళ్టికి పని చాలించడం. “నైఫ్ డౌన్. ఎనఫ్. టుమారో కట్.” థాంక్యూ.

‘బ్రేక్ ది ఐస్’. అక్కడ ఆమె గొంతు కొంచెం లేచింది. “ఫస్ట్ డే, ఆల్ గర్ల్స్ నో టాక్. ఐ హిట్ ఐస్. ఐ లాఫ్. దెన్ ఆల్ టాక్.” ఆ రొయ్యల ఫ్యాక్టరీలో మొదటి దెబ్బ వేసిన పిల్ల తనేనని నాకు ఇన్నేళ్ళలో తెలియదు.

‘మిస్ ద బోట్’, అవకాశం చేజారడం. “బోట్ గో. ఐ లేట్. ఐ స్టాండ్ ఇన్ శాండ్. ఫిష్ అదర్ పీపుల్.”

ఐదయ్యాయి. తర్వాతిది రాలేదు, ‘నో’ అన్నది. చివరిది మిగిలింది. ‘ఇన్ ద సేమ్ బోట్’, ఇద్దరూ ఒకే కష్టంలో ఉండటం.

చాలాసేపు లోపల చప్పుడు లేదు. పడిపోయిందేమోనని తలుపు మీద చెయ్యి వేశాను. అప్పుడు మాట వినబడింది.

“మీ. హస్బెండ్. బోట్ హోల్. టూ పీపుల్ వెట్.”

పచ్చదీపం వెలిగింది.

ఆమె చీటీ పట్టుకుని బయటికి వచ్చి నా చేతిలో పెట్టింది. “నువ్వు కూడా పో, ఇట్టాగే చెప్పు” అన్నది. “ఎవురి మాటా ఆలోచించబాక. నీకు జరిగింది చెప్పు.”

పోయాను. ప్రయత్నించాను. నాకు జరిగింది చెబుదామనుకుంటే నోట్లో ముందు ‘ఇట్ మీన్స్’ వచ్చి నిలబడుతోంది. దాని వెనక మిగతా వాక్యం తనంతట తనే వస్తోంది. పదికి రెండు. ఎర్రదీపం.

“ఎన్ని?” అన్నది రావమ్మ.

“కొంచెంలో పోయింది” అన్నాను.

కృత్తిక, పన్నెండో రోజు. గురువారం

ఉదయం 42.

రావమ్మతో పాటు మరో నలుగురికి చీటీలు వచ్చాయి. ఆమె చెప్పిన తీరు విని వాళ్ళూ తమ పనులు, తమ రోగాలు చెప్పుకున్నారట. నాకు వాళ్ళలో ఒకరి జవాబు కూడా తెలియదు.

రావమ్మ బండి ఎక్కనన్నది. చీటీ ఇంటి చూరులో దోపి వచ్చి కూర్చుంది. నేను పోయి చీటీ తీసుకొచ్చాను.

“నాకు ఇంకో అవకాశం ఉంది” అన్నాను. “జిలానీ ఆదివారం ఇంకొక్కసారి వస్తాడంట. అందులో వస్తా.”

“ఆదివారం బండి ఎప్పుడన్నా వచ్చిందా?”

“ఈ ఏడు వస్తాది వదినా” అన్నాడు జిలానీ, చక్రం వైపు చూస్తూ. “సామాను వేసేది ఉంది. అన్నను ఎక్కించుకోని వస్తా.”

ఆమె అతన్ని చూసింది. నన్ను చూసింది. లేచి గుంటలోకి పోయి కాసేపు పని చేసుకుని వచ్చింది. బండి దగ్గర నిలబడి చెప్పవలసినవి చెప్పింది.

“బియ్యం రెండు మూటలు కట్టినా. పొదుపుగా వండుకుంటే వినాయక చవితి దాకా వస్తాయి. గోనెలు మూడు పూట్లా తడుపు, పడమటి మూలది ఎక్కువగా. చింతపండు అడుగుకుండలో ఉంది. పోలమ్మత్తకు కళ్ళు తిరుగుతాంటే ఉప్పు గంజి పొయ్యి. నీ పంచె అంచు కుట్టినా.”

“సరే.”

“ఆదివారం వస్తావుగా.”

“వస్తా.”

తల ఊపి ఎక్కింది. బండి కట్ట మీదకు పోయిందాకా వెనక్కి తిరిగి చూసింది. తర్వాత దుమ్ము లేచింది.

మేం తొమ్మిదిమందిమి మిగిలాం.

రోహిణి కార్తె, మొదటి రోజు

ఉదయం 43. మధ్యాహ్నం 56.

ఆదివారం బండి రాలేదు. వస్తుందని నేను ఎదురు చూడలేదు.

రోహిణి వచ్చినా పరీక్ష గదిని ఆపలేదు. దారి మూశారు గాని గదికి ఎవరూ చెప్పలేదేమో, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. సాయంత్రం నా మూడో అవకాశం వాడుకుందామని పోయాను. పాసైనా పోయే బండి లేదు. అయినా పోయాను.

తలుపు మూసుకోగానే చల్లటి గాలి తగిలింది. లోపలి యంత్రాలు వేడెక్కకుండా గదిని చల్లగా ఉంచుతారు. పోయిన రెండుసార్లు కంగారులో అది నాకు పట్టలేదు.

గొంతు మొదటిది అడిగింది. ‘హోల్డ్ ద ఫోర్ట్.’ ఇంటివాళ్ళు తిరిగొచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండటం అని అర్థం. పుస్తకంలో నూట మూడోది. నేను నేర్పిన వాక్యం చెప్పాను. ఈ జవాబు నేను ఇదివరకు విన్నాను, అన్నది. ఇంకో జవాబు ఉందా అని అడిగింది.

ఉందన్నాను. తెలుగులో చెప్పాను.

ఇవాళ గోనెలు మూడు పూట్లా తడిపానని చెప్పాను. పడమటి మూల ఇంకా ఆరిపోతూనే ఉందని చెప్పాను. వండింది ఒక్కడికే అయినా గిద్దెతో ఇద్దరి బియ్యం కొలిచి పోసి, మళ్ళీ సగం తీసి మూటలో కలిపానని చెప్పాను. ఆమె మంచం ఎత్తి గోడకు ఆనించలేదని, ఎవరైనా కూర్చోబోతే వద్దంటున్నానని చెప్పాను. ముందే పంపి ఉంటే నాలుగు వారాలు ఆ ఒళ్ళు ఎండలో ఉండేది కాదని చెప్పాను. పైకి చేరిందో లేదో ఎవరూ చెప్పే దారి లేదని, ఆ గొంతు గనిలో కూడా ఉంటుంది గనక, రావమ్మ అనే మనిషి కనబడితే పడమటి మూల కూడా తడుపుతున్నానని చెప్పమన్నాను.

దయచేసి ఇంగ్లీషులో చెప్పండి, అన్నది గొంతు. మూడుసార్లు అన్నది. తర్వాత రెండోది అడిగింది. నేను మొదటిదే చెబుతున్నాను. అది మూడోది, నాలుగోది అడుగుతూ పోయింది. పది అయ్యాక ఎర్రదీపం వెలిగించి, వచ్చినందుకు థాంక్యూ అన్నది.

బయట మెట్టు మీద పోలమ్మత్త కూర్చుని ఉంది. ఆమెకు ఇంకొక్క అవకాశం మిగిలింది.

“అయిందా అబ్బయ్యా?”

“అయింది.”

“ఎన్నొచ్చినై?”

“సున్నా.”

“పోనీలే. లోపల చల్లగా ఉందా?”

“ఉంది.”

“పదీ అడిగేదానికి ఎంతసేపు పట్టుద్ది?”

“జవాబు చెప్పకుండా ఊరికే ఉంటే పది నిమిషాలు ఆగుతాది అత్తా. ఒక్కొక్కదానికి ఒక నిమిషం.”

“అయితే నేనేం మాట్లాడను” అన్నది పోలమ్మత్త.

చెయ్యి పట్టుకుని లేపి, లోపల బల్ల మీద కూర్చోబెట్టి, చల్లగాలి బయటికి పోకుండా తలుపు దగ్గరగా వేశాను.